ఒక్కరోజు ఆసుపత్రులు

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఆయుర్వేద కళాశాలల తనిఖీకి కొత్తగా వెళ్ళబోతూ మొన్న సూరత్ అమ్రోలిలోని మా ఇంటికి వచ్చింది. నియమావళి పుస్తకం కూడా తెచ్చుకుంది. ఎక్కడ ఏం చూడాలో చెప్పమంది. పడకలెన్ని ఉండాలి, అధ్యాపకులెందరు ఉండాలి అన్నవన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి, చదువుకో అన్నాను. "అందులో లేనిదే చెప్పండి మేడమ్" అంది. గంటసేపు ఏదేదో మాట్లాడాను కానీ చెప్పాల్సింది చెప్పలేకపోయాను. ఆమె వెళ్ళిపోయాక కూర్చుని ఇది మొదలుపెట్టాను.

నేను బోధించింది కాయచికిత్స, అంటే రోగిని పరీక్షించి మందులిచ్చే సాధారణ వైద్యం. పుట్టింది కరీంనగర్ దిక్కు. మా ఆయన పాండేసరలోని ఒక అద్దకం మిల్లులో రంగుల మాస్టరుగా కుదరడంతో సూరత్ వచ్చాం, ఇక్కడే ఉండిపోయాం. ఏ పదవి ఎప్పుడు వచ్చిందో రాస్తే మీకూ విసుగు, నాకూ విసుగు. కళాశాలలను తనిఖీ చేయడానికీ, వేరే కళాశాలల్లో పరీక్షలు జరపడానికీ చాలా ఏళ్ళు తిరిగాను. ఆ తిరుగుడు వల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే, జరగలేదనే అనుకుంటున్నాను. ఇది మొదటే చెప్పేస్తే మంచిది.

ముందు ముక్కుతో చూడండి

నడుస్తున్న ఆయుర్వేద ఆసుపత్రికి ఒక వాసన ఉంటుంది. మరిగిన కషాయం, నువ్వుల నూనె, ఫినాయిలు, రోగుల వెంట వచ్చినవాళ్ళు తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలు, అన్నీ కలిసి గోడలకు పట్టేస్తాయి. తనిఖీ కోసం తెరిచిన ఆసుపత్రిలో కొత్త సున్నం వాసన, కొత్త రెగ్జిన్ వాసన వస్తాయి. నూనె మర్దన చేసే చెక్కబల్ల మీద ఒకసారి చెయ్యి రాయండి. చేతికి జిడ్డు అంటాలి. నా చేతికి చాలాచోట్ల దుమ్మే అంటింది.

మందుమొక్కల తోటలోనూ అంతే. ఒకచోట అశ్వగంధ మొక్కను కొంచెం పైకి లాగి చూశాను. వేరు లేని కొమ్మ నా చేతికి వచ్చేసింది. తోటమాలి నా ముఖం చూశాడు. కొమ్మను నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ అదే గుంటలో జాగ్రత్తగా గుచ్చాడు. "సాయంత్రం దాకా నిలబడాలి బెన్" అన్నాడు గుజరాతీలో, నన్ను అక్కా అని పిలిచినట్టుగా. అతని మీద కోపం రాలేదు. అతనికి చెప్పిన పని అతను చేస్తున్నాడు.

ఇవన్నీ సులువుగా పట్టుబడేవి. వీటిని పట్టుకుని గొప్ప తనిఖీ అధికారిని అయ్యానని నేను కొన్నాళ్ళు మురిసిపోయాను.

స్త్రీల వార్డు

సూరత్ పొలిమేరలో ఒక కళాశాల ఉంది. పేరు రాయను. దాని తనిఖీకి మొదటిసారి వెళ్ళినప్పుడు మా బృందానికి పెద్ద జోషీ గారు. పెద్ద వయసు, మృదువైన మాట, ఏ కాగితమైనా రెండుసార్లు చదివే అలవాటు. ఆడవాళ్ళ వార్డు చూడటానికి ఒక ఆడమనిషి కావాలి కాబట్టి నన్ను వేశారు.

వార్డులో పడకలన్నీ నిండి ఉన్నాయి. ప్రతి పడకకూ ఒక ఫైలు వేలాడుతోంది. అందరూ తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని పడుకున్నారు. పడకల కింద చెప్పులు తప్ప ఏమీ లేవు. సంచి లేదు, నీళ్ళ సీసా లేదు, గిన్నె లేదు. నేను ఫైలు తిరగేస్తుంటే వెనక నుంచి మా ఊరి భాష వినిపించింది.

"ఓ లక్ష్మీ, నాకేం రోగమని చెప్పాలె?"

"నీకు నడుము నొప్పి. నాకు పక్షవాతం."

"పక్షవాతమైతే లేవద్దా మరి?"

"గీ మేడం పోయేదాంక లేవకు అన్నరు."

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను తెలుగులో. పక్షవాతం రోగి చటుక్కున లేచి కూర్చుంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. నా చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్ళుంటాయేమో. అరచెయ్యి గరుకుగా ఉంది.

"మాది జగిత్యాల దిక్కు మేడం. లింబాయత్‌ల ఉంటం. మా ఆయన సాంచాల మీద బట్ట నేస్తడు. గీ కాలేజీల మా బిడ్డ చదువుతున్నది, మొదటి సంవత్సరం. ఫీజు సగం మాఫీ చేసిండ్రు. తనిఖీ ఉన్నదంటే మా గల్లీల ఆడోళ్ళను తోలుకరావాలె. తేకుంటె మాఫీ లేదంటరు."

"ఇది తప్పని తెలుసా?"

"తెల్వక కాదు మేడం. మీరు గిది కాయితంల పెడితె కాలేజీ బందైతది. నా బిడ్డ యాడికి పోవాలె? మా ఇంట్ల పదో తరగతి దాటినోళ్ళు లేరు. గీమె డాక్టర్ అయితది."

వార్డంతా నావైపే చూస్తోంది. మా బృందంలో ఎవరికీ తెలుగు రాదనుకుని కళాశాల మనిషి గుమ్మం దగ్గర ఫోనులో మాట్లాడుకుంటున్నాడు.

తిరుగు ప్రయాణంలో కారులో జోషీ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే విన్నారు. "బెన్, మనం పోలీసులం కాదు. వాళ్ళకు సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వడమే మన పని. ఫైళ్ళు సరిగ్గా ఉన్నాయా లేవా, అది చెప్పండి చాలు" అన్నారు. ఫైళ్ళు సరిగ్గానే ఉన్నాయి. నివేదికలో 'సంతృప్తికరం' అని రాశారు. దాని కింద నేను సంతకం పెట్టాను.

జోషీ గారి మాటకు తలొగ్గానని చాలాకాలం చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన వద్దన్నా నేను విడిగా రాయవచ్చు, ఆ వీలుంది. లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది కాబట్టి రాయలేదు. ఒక తల్లికి సాయం చేశాననుకున్నాను. ఆ పూట ఇంటికి వచ్చి తృప్తిగా అన్నం తిన్నాను కూడా.

అప్పుడే రాసి ఉంటే ఏమయ్యేది? మొదటి సంవత్సరం పిల్లలను వేరే కళాశాలల్లో సర్దే అవకాశం ఆ రోజుల్లో కొంత ఉండేది. అందరికీ కాకపోయినా కొందరికి దొరికేది. ఆ అమ్మాయికి రోగులున్న ఆసుపత్రిలో చదువు దొరికి ఉండేది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియక కాదు, తట్టలేదు. నా కళ్ళ ముందు తల్లి ఉంది, కూతురు లేదు.

రాజవ్వ కళ్ళు

నాలుగేళ్ళు దాటాక అదే కళాశాలకు బయటి పరీక్షకురాలిగా వెళ్ళాను. ఈసారి పంపింది విశ్వవిద్యాలయం. చివరి సంవత్సరం విద్యార్థులకు కాయచికిత్స ప్రాక్టికల్. ఒక్కొక్కరికి ఒక రోగిని అప్పగిస్తారు. విద్యార్థి ఆ రోగితో మాట్లాడి, పరీక్షించి, జబ్బేమిటో రాసి, మా ముందు నిలబడి చెప్పాలి. నాతోపాటు కూర్చునే అంతర్గత పరీక్షకుడు ఆ కళాశాల అధ్యాపకుడే, భావేశ్ అని, మర్యాదస్తుడు.

పొద్దుటి నుంచీ ఒకే పాఠం వింటున్నాను. మోకాళ్ళ నొప్పులు, ఆరు నెలల నుంచి, చలికి ఎక్కువవుతాయి, కాపడం పెడితే తగ్గుతాయి. ఫైల్లో ఎలా ఉంటే అలా, పొల్లు పోకుండా. ఒక అబ్బాయి రోగి పేరు కూడా ఫైలు చూసే చెప్పాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని అడగలేదు.

తర్వాత వచ్చిన అమ్మాయి కాగితం మీద ఫైల్లో ఉన్న సంధివాతం, అంటే కీళ్ళ నొప్పుల జబ్బు, లేదు. పాండు అని రాసి ఉంది. పాండు అంటే రక్తహీనత. ఆ అమ్మాయి పేరు శ్రావణి.

"ఫైలు చూడలేదా?" అన్నాడు భావేశ్ హిందీలో.

"చూసిన సర్" అని అతనికి హిందీలోనే చెప్పి, నా పేరు పలక చూసిందేమో, నావైపు తిరిగి తెలుగులో అంది. "మేడమ్, మోకాళ్ళు మంచిగనే ఉన్నయి. వంచి చూసిన, వాపు లేదు, నొప్పి లేదు. కనురెప్ప తీసి చూడుండ్రి. తెల్లగ పాలిపోయింది. గోర్లు గూడ పల్చగైనయి."

లేచి రోగి దగ్గరికి వెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి. రాజవ్వ అంది పేరు.

"నన్ను కాళ్ళ నొప్పులని చెప్పుమన్నరు మేడం. గీ పోరి ఇనలే. మెట్లెక్కుతె ఆయాసమొస్తదా అని అడిగింది. వస్తదని చెప్పిన. నా చేతుల మీద పెరిగిన పిల్లకు అబద్ధమెట్ల చెప్పాలె?"

కనురెప్ప కిందికి లాగాను. నాలుక చూశాను. నాడి చూశాను. శ్రావణి రాసిన ప్రతి మాటా సరైనదే. ఇన్నేళ్ళ పరీక్షల్లో ఇంత శుభ్రంగా రోగిని చూసిన విద్యార్థులు నాకు బహు కొద్దిమంది తగిలారు.

"ఎవరు నేర్పారమ్మా ఇట్లా చూడటం?"

"ఎవ్వరు నేర్పలే మేడమ్. ఈడ పేషంట్లు ఉండరు గద. మా గల్లీల ఇంటింటికి తిరిగి చూసిన. పుస్తకంల ఉన్నది మనిషిల కనబడేదాంక చూసిన." గొంతు తగ్గించి అంది. "మిమ్ముల మా అమ్మ వార్డుల చూసిందట, నా ఫస్టియర్ల. మీరు రాయలేదట. మంచోళ్ళని ఇప్పటికీ అంటది."

అంతవరకు నన్ను ఎవరూ అలా కొట్టలేదు. ఆ పిల్ల మాత్రం కృతజ్ఞత చెప్తున్నాననే అనుకుంది.

ఆమెకు ఆ రోజు అందరికన్నా ఎక్కువ మార్కులు వేశాను. భావేశ్ ఇబ్బందిగా కదిలాడు. "మేడమ్, రేపెవరైనా ఫైలు తీసి చూస్తే? అందులో సంధివాతం అని ఉంది" అన్నాడు. "ఫైలు తప్పు" అన్నాను. "తప్పే, కానీ ఫైలు కదా" అన్నాడు. అతను వెటకారమాడలేదు. నిజంగానే భయపడ్డాడు.

రాజవ్వను రక్త పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చాను. ఆసుపత్రిలో కూర్చున్న మనిషిని ఇంకో ఆసుపత్రికి పంపుతున్నానని ఆమెకు వింతగా అనిపించినట్టుంది. మధ్యాహ్నం భోజనం కాగానే నేనొక్కదాన్నే వార్డుకు వెళ్ళాను. పడకలన్నీ ఖాళీ. దుప్పట్లు మడతపెట్టి ఒక మూల పేర్చేశారు. ఈసారి రాయాలని అక్కడే నిశ్చయించుకున్నాను. ఈ కేంద్రంలో పరీక్షకు చూపినవాళ్ళలో వైద్యం కోసం వచ్చిన రోగి ఒక్కరూ లేరని విశ్వవిద్యాలయానికి మూడు పేజీలు రాశాను. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన అతి నిజాయితీ గల కాగితం అది.

లక్ష్మి ఫోను

కాగితం పనిచేసింది. ఆ కేంద్రంలో ప్రాక్టికల్ రద్దు చేశారు. కళాశాలను సంజాయిషీ అడిగారు, కళాశాల సంజాయిషీ ఇచ్చింది, దానితో ఆ సంగతి ముగిసింది. కొత్త పిల్లలను చేర్చుకోవడం ఒక్క ఏడాది కూడా ఆగలేదు. ఆగింది చివరి సంవత్సరం పిల్లల చదువే. మళ్ళీ పరీక్ష పెట్టేదాకా వాళ్ళంతా ఇళ్ళలో కూర్చున్నారు. రద్దయిన మార్కుల్లో శ్రావణివి కూడా ఉన్నాయి. నేను వేసిన మార్కులను నేనే కొట్టేయించాను. ఈ సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదంటే మీరు నమ్మరు. తట్టింది. నిజం రాస్తున్న ఉత్సాహంలో దాన్ని పక్కకు నెట్టాను.

ఒకరోజు పొద్దున లక్ష్మి ఫోను చేసింది. నంబరు ఎలా సంపాదించిందో అడగలేదు.

"మేడం, కాలేజోళ్ళు నా బిడ్డ మీదనే పడ్డరు. అందరు ఫైల్ల ఉన్నది రాస్తె నువ్వొక్కదానివే ఎందుకు వేరె రాసినవ్, నీ వల్లనే బయటపడ్డదని. తోటి పిల్లలు మాట్లాడ్తలేరు. మాఫీ తీసేసిండ్రు."

"ఆమె చేసింది సరైన పని లక్ష్మీ. తప్పు ఆమెది కాదు."

"గది నాకు తెల్వదా మేడం? నేను మిమ్ములనే అడుగుతున్న. అప్పుడు రాసుంటె మేం ఇంకో దారి చూసుకుంటుంటిమి. అప్పుడు రాయకపోతిరి. మరి ఇప్పుడెందుకు రాసిండ్రు?"

క్షమించమన్నాను. ఆమె "మీరేం జేస్తరు లెండి" అని పెట్టేసింది. ఆ మాటలో కోపం ఉంటే తేలికగా ఉండేది.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇక్కడే ఉంది. రాయాల్సింది మొదటి రోజే రాయండి. ఆలస్యంగా రాసిన నిజం యాజమాన్యం దాకా పోదు, దారిలో ఎవరు బలహీనంగా ఉంటే వాళ్ళ మీద పడుతుంది. ఇది నేను గట్టిగా నమ్మి చెప్తున్నాను. మొదటి రోజు రాస్తే అంతా బాగుపడుతుందని మాత్రం చెప్పలేను. మొదటి రోజే రాసిన నివేదికలు నావి కొన్ని ఉన్నాయి. వాటి మీద కూడా అనుమతులు వచ్చాయి.

ఆయుర్వేదం పనిచేస్తుందా అని బయటివాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఆ వాదన చేసే ఓపిక నాకు ఒకప్పుడు ఉండేది. మనిషి ఒంటి మీద చెయ్యి వేయకుండా వైద్యుడై బయటికి వచ్చినవాడి చేతిలో ఏ శాస్త్రమైతే మాత్రం ఏం పనిచేస్తుంది? నాకు మిగిలింది ఈ ప్రశ్న ఒక్కటే.

మంచి రిజిస్టరు

నా చివరి తనిఖీ ఇంకో కళాశాలలో, సూరత్‌కు అవతలి పక్క. ఇప్పుడు పద్ధతులు మారాయి. వార్డులో కెమెరాలు, అధ్యాపకుల హాజరుకు ముఖం చూసే యంత్రం, ప్రతి ఫోటోలో చోటు, సమయం పడతాయి. కెమెరా ముందు కూడా మనుషులు పడుకుంటారు. యంత్రానికి ముఖం చూపించి అధ్యాపకులు వెనక గేటు గుండా తమ క్లినిక్కులకు పోతారు.

అయినా ఆ రోజు నాకు కొంచెం ఆశ కలిగింది. బయటి రోగుల రిజిస్టరు తెరిచాను. మామూలుగా దొంగ రిజిస్టర్లలో రోజూ అవే నాలుగు జబ్బులు, అదే చేతిరాత, అవే సంఖ్యలు. ఇది అలా లేదు. వానాకాలం పేజీల్లో జ్వరాలు, విరేచనాలు పెరిగాయి. చలి మొదలవగానే దగ్గు, ఆయాసం. లింబాయత్ నుంచి వచ్చిన మరమగ్గాల పనివాళ్ళకు నడుము నొప్పి, చెవులు సరిగా వినబడకపోవడం. పాండేసర అద్దకం పనివాళ్ళకు చర్మం మీద దురదలు. ఆడవాళ్ళలో రక్తహీనత. మందు వాడి మళ్ళీ వచ్చినవాళ్ళలో కొందరికి తగ్గింది, కొందరికి తగ్గలేదు. ఒకామెకు మందు సరిపడక మార్చారు. ఇది రాసినవాళ్ళెవరో మనుషులను చూసి రాశారు. ఇక్కడ ఒక ఆసుపత్రి నిజంగా నడుస్తోంది అనుకున్నాను.

"ఈ రిజిస్టరు చూసే వైద్యులెవరు?" అని అడిగాను. పిలిపించారు. వచ్చింది శ్రావణి.

తెల్లకోటు వేసుకుంది. కొంచెం ఒళ్ళు చేసింది. బృందం వినేలా హిందీలో గడగడా వార్డు వివరాలు చెప్పింది. ఒక్కచోట కూడా తడబడలేదు. మిగతావాళ్ళు మందుల గదికి కదిలాక మేమిద్దరం వసారాలో నిలబడ్డాం.

"బాగున్నావా అమ్మా? అమ్మ ఎట్లున్నది?"

"అందరం మంచిగనే ఉన్నం మేడమ్. రాజవ్వ గూడ మంచిగనే ఉన్నది. సివిల్ దవఖానకు నేనే తోలుకపోయిన. గోలీలు దగ్గర కూసుండి మింగిపిచ్చిన."

ఆ ఒక్కమాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. "మళ్ళీ పెట్టిన పరీక్ష ఎట్లా రాశావు?"

"గప్పుడు ఫైల్ల ఏమున్నదో గదే చెప్పిన. పేషంటును ముట్టనే లేదు. మీరేసిన దానికన్న ఎక్కువ మార్కులొచ్చినయి." నవ్వబోయి మానేసింది.

"ఈ రిజిస్టరు నీదేనా? చాలా బాగా రాశావు. ఇంతమంది వస్తున్నారా రోజూ?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను నిజంగా అడుగుతున్నానని అర్థమై, తల పక్కకు తిప్పుకుంది.

"ఎవ్వరు రారు మేడమ్. పొద్దుగాల వచ్చి కూసొని నేనే రాస్త. ఏ కాలంల ఏ రోగమొస్తదో, ఏ పని చేసేటోళ్ళకు ఏమైతదో ఆలోచించి రాస్త. ఉట్టిగ రాస్తె పట్టుకుంటరు గద. మా కాలేజీ సేఠ్‌కు నా రిజిస్టరే కావాలె. వేరే కాలేజోళ్ళు గూడ అడుగుతుండ్రు."

లింబాయత్ గల్లీల్లో ఇంటింటికీ తిరిగి పోగుచేసుకున్న జ్ఞానమంతా ఆ పేజీల్లో ఉంది. ఒక్క మనిషికి కూడా అందకుండా.

"నేనిది రాయొచ్చా?" అని అడిగాను. తనిఖీ అధికారిని నేను. అడిగింది నేను.

"రాయుండ్రి మేడమ్. రిజిస్టర్ల తప్పైతే మీకు దొరకది. రాస్తె నేను చెప్పిననని రాయాలె." గొంతులో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు. "ఇంటి కిస్తీ నా జీతం మీదనే నడుస్తున్నది. నాన్న సాంచాలు బంద్ చేసిండు, చెవులు ఇనవడ్తలేవు."

మేం గదిలోకి వచ్చేసరికి బృందం కూర్చుని ఉంది. రిజిస్టరు మీద అభిప్రాయం నన్నే రాయమన్నారు. ఒకసారి రాయకుండా ఉన్నాను, ఒకసారి రాసి ఆమె మీదికి తెచ్చాను. రెండుసార్లూ ఏమైందో చూశాను. కలం మూత తీశాను. టీ తెచ్చారు. ఎవరో రైలు సమయం గుర్తుచేశారు.

'రిజిస్టరు క్రమబద్ధంగా ఉంది' అని రాశాను.

శ్రావణి నా పక్కకు వచ్చి, పేజీ తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.